1,300 కోట్ల యూరోలు వస్తుంటే వద్దన్న దేశం.. అనంతపురం కూడా తెలుసుకోవాల్సిన ట్యాక్స్ కథ ఇది

బెంగళూరు-హైదరాబాద్ హైవేపై వెళ్తుంటే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో పెద్ద కార్ల ఫ్యాక్టరీ కనిపిస్తుంది. అదే కియా. చుట్టూ చూస్తే వాన కోసం ఎదురుచూసే వేరుశెనగ చేలు, ఎండిపోయిన బోర్లు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని నేల ఇది. ఇలాంటి చోటుకు 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో కొరియా కంపెనీ ఊరికే రాలేదు. మిగతా రాష్ట్రాలతో పోటీ పడి భూమి, నీళ్లు, రాయితీల ప్యాకేజీ ఇచ్చి 2017 ఏప్రిల్‌లో ఏపీ ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. 2019 ఆగస్టులో ఇక్కడి నుంచి తొలి సెల్టోస్ బయటకొచ్చింది. 2023 జులైకి పది లక్షల కార్లు పూర్తయ్యాయి. అప్పట్లో ఇదంతా అనంతపురం జిల్లానే. 2022 నుంచి పెనుకొండ శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది.

కరువు ప్రాంతం, వలసలు, ఉద్యోగాల కోసం కంపెనీలకు రాయితీలు. ఇదే రూట్‌లో మనకంటే 60 ఏళ్ల ముందే వెళ్లిన దేశం యూరప్‌లో ఒకటుంది. పేరు ఐర్లాండ్. ఆ దేశం ఎక్కడిదాకా వెళ్లిందంటే, ఒక కంపెనీ నుంచి 1,300 కోట్ల యూరోల పన్ను వసూలు చేసుకోమని పైనుంచి ఆర్డర్ వస్తే, "మాకొద్దు" అని కోర్టుకెక్కింది.

వింతగా ఉంది కదా? అసలేం జరిగిందో చూద్దాం. ఇందులో హైదరాబాద్ టీకా కంపెనీ కథ ఒకటుంది, అనంతపురం జిల్లా ఉపాధి కూలీలకు సంబంధించిన లెక్క కూడా ఉంది.

అప్పుడు ఐర్లాండ్ అంటే యూరప్ అనంతపురమే

ఐర్లాండ్‌లో వానలకు కొదవలేదు. కానీ 1840ల్లో ఆలుగడ్డ పంటకు తెగులొచ్చి దాదాపు పది లక్షల మంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. అంతకంటే ఎక్కువ మంది ఓడలెక్కి దేశం విడిచిపోయారు. ఆ వలస వందేళ్లయినా ఆగలేదు. 1950ల్లో ఒక్క దశాబ్దంలోనే సుమారు 4 లక్షల మంది వెళ్లిపోయారు. కదిరి, కళ్యాణదుర్గం పల్లెల నుంచి బెంగళూరు బస్సెక్కే కుటుంబాలను చూసినవాళ్లకు ఈ సీన్ కొత్తేం కాదు.

దీంతో 1956లో ఐర్లాండ్ ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. ఎగుమతుల మీద వచ్చే లాభానికి పన్ను తగ్గిస్తాం, రండి అని కంపెనీలను పిలిచింది. 1981 నుంచి తయారీ కంపెనీలకు 10 శాతం పన్నే వేసింది. 2003 నుంచి వ్యాపార లాభాలన్నిటికీ 12.5 శాతం ఫిక్స్ చేసింది. పక్కన ఫ్రాన్స్, జర్మనీల్లో 30 శాతం, అంతకు మించి ఉన్న రోజులవి.

కంపెనీలు వచ్చాయి. యాపిల్ 1980లోనే కార్క్ నగరంలో ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాత ఇంటెల్, గూగుల్, ఫేస్‌బుక్, పెద్ద పెద్ద మందుల కంపెనీలు దిగాయి. వలసపోయిన దేశానికే బయటివాళ్లు ఉద్యోగాల కోసం రావడం మొదలైంది. ఇక్కడిదాకా ఇది సక్సెస్ స్టోరీనే. కాదనడానికి లేదు.

తిరకాసు ఇక్కడి నుంచే మొదలవుతుంది. 12.5 శాతం అనేది బోర్డు మీద రాసిన రేటు. పెద్ద కంపెనీలు అది కూడా కట్టలేదు.

ధర్మవరం చీరతో చెప్పుకుంటే ఈజీగా అర్థమవుతుంది

ధర్మవరంలో ఒక వ్యాపారి ఉన్నాడనుకుందాం. పట్టు, జరీ, నేత కూలి అన్నీ కలిపి చీరకు 8 వేలు ఖర్చయింది. బెంగళూరులో 12 వేలకు అమ్మాడు. లాభం 4 వేలు. పన్ను 25 శాతం అనుకుంటే వెయ్యి రూపాయలు కట్టాలి.

ఇప్పుడు ఆయన ఒక పని చేశాడు. పన్నే లేని ఒక దీవిలో చిన్న కంపెనీ పెట్టాడు. అదీ ఆయనదే. తన చీరల బ్రాండ్ పేరును ఆ కంపెనీకి రాసిచ్చాడు. ఇక నుంచి ఆ పేరు వాడుకున్నందుకు ధర్మవరం షాపు ఒక్కో చీరకు 3,500 రూపాయలు దీవి కంపెనీకి కట్టాలి. దీన్నే రాయల్టీ అంటారు. ధర్మవరంలో లెక్కల ప్రకారం మిగిలిన లాభం 500 రూపాయలు. దాని మీద పన్ను 125. దీవిలో 3,500 మీద పన్ను సున్నా.

మగ్గం ధర్మవరంలోనే ఉంది. నేసినవాళ్లు ఇక్కడివాళ్లే. కొన్నవాళ్లు బెంగళూరువాళ్లు. లాభం మాత్రం ఎవరూ నేయని, ఎవరూ చీర కట్టని దీవిలో తేలింది. అక్కడున్నది ఒక కాగితం, ఒక బ్యాంక్ అకౌంట్. అంతే.

నిజంగా ధర్మవరం వ్యాపారి ఇంత పని చేస్తే ఆదాయపు పన్ను వాళ్లు ఊరుకోరు, అది వేరే విషయం. ఒకే యజమాని కింద ఉన్న కంపెనీలు ఒకదానికొకటి వేసుకునే రేటు, సంబంధం లేని మూడో మనిషికి వేసే రేటులాగే ఉండాలని మన దేశంలో 2001 నుంచి రూల్ ఉంది. కానీ ఒక చీర బ్రాండ్‌కైతే రేటు కట్టొచ్చు. ఐఫోన్ డిజైన్‌కు, గూగుల్ సెర్చ్ సాఫ్ట్‌వేర్‌కు మార్కెట్లో పోల్చడానికి ఇంకోటి ఎక్కడుంది? అక్కడే లాయర్లకు చేతినిండా పని.

గూగుల్ చేసిందీ దాదాపు ఇలాంటిదే. ఐర్లాండ్‌లో వచ్చిన డబ్బు నెదర్లాండ్స్‌లోని ఒక కంపెనీ మీదుగా బెర్ముడా దీవికి వెళ్లేది. 2017లో ఒక్క ఏడాదే అలా వెళ్లింది 1,990 కోట్ల యూరోలు. ట్యాక్స్ నిపుణులు ఈ రూట్‌కు 'డబుల్ ఐరిష్, డచ్ శాండ్‌విచ్' అని పేరు పెట్టారు. వినడానికి హోటల్ మెనూలా ఉంటుంది. విమర్శలు పెరిగాక 2015 నుంచి కొత్త కంపెనీలకు ఐర్లాండ్ ఈ దారి మూసేసింది. పాతవాళ్లకు 2020 వరకు గడువిచ్చింది.

లక్ష రూపాయలకు ఐదు రూపాయల పన్ను!

యాపిల్ కేసు ఇంకో మెట్టు పైన ఉంటుంది. యూరప్, ఆసియా, ఆఫ్రికాల్లో ఎక్కడ ఐఫోన్ కొన్నా, లెక్కల్లో అది ఐర్లాండ్‌లోని యాపిల్ కంపెనీ దగ్గర కొన్నట్టే చూపించేవారు. ఆ లాభంలో అధిక భాగాన్ని ఆ కంపెనీ 'హెడ్ ఆఫీసు'కు రాసేవారు. ఆ హెడ్ ఆఫీసు ఏ దేశంలో ఉంది? ఏ దేశంలోనూ లేదు. ఉద్యోగులు లేరు, బిల్డింగ్ లేదు, కాగితం మీద మాత్రమే ఉందని యూరోపియన్ కమిషన్ తేల్చింది.

2011 లెక్కే చూడండి. ఆ కంపెనీ లాభం సుమారు 1,600 కోట్ల యూరోలు. ఐర్లాండ్‌లో పన్ను లెక్కకు వచ్చింది అందులో 5 కోట్ల యూరోలు. మిగతాదంతా ఏ దేశానిదీ కాని ఆ హెడ్ ఆఫీసు ఖాతాలోకి పోయింది. 2014 నాటికి కంపెనీ కట్టిన పన్ను రేటు 0.005 శాతానికి పడిపోయిందని కమిషన్ లెక్క కట్టింది. మన భాషలో చెప్పాలంటే లక్ష రూపాయల లాభానికి 5 రూపాయలు. చిన్న కిరాణా కొట్టు వాళ్లు కూడా ఇంతకంటే ఎక్కువే కడతారు.

ఇలా లెక్క వేసుకోవచ్చని 1991లో, 2007లో ఐర్లాండ్ ట్యాక్స్ శాఖే లెటర్లు ఇచ్చింది. ఇది ఒకే కంపెనీకి చేసిన మేలు, యూరప్ రూల్స్‌కు విరుద్ధం, 1,300 కోట్ల యూరోలు వసూలు చేయండి అని 2016 ఆగస్టు 30న కమిషన్ ఆదేశించింది. 2024 మారకం రేటుతో చూస్తే అది దాదాపు లక్షా 20 వేల కోట్ల రూపాయలు. 2024 నవంబర్‌లో ఉరవకొండ ఎమ్మెల్యే, రాష్ట్ర ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ ప్రవేశపెట్టిన ఏపీ బడ్జెట్ 2.94 లక్షల కోట్లు. అందులో రెండు వంతులు ఐదో భాగాలు చేస్తే ఎంతో, అంత పన్ను ఒక్క కంపెనీ దగ్గరే ఆగిపోయిందన్నమాట.

అయినా ఐర్లాండ్ వద్దంది. యాపిల్‌తో కలిసి అప్పీలుకు వెళ్లింది. ఎందుకు? ఆ డబ్బు తీసుకుంటే స్పెషల్ డీల్ ఇచ్చామని ఒప్పుకున్నట్టే అవుతుంది. మిగతా కంపెనీలు భయపడి వెళ్లిపోతే? తాము ఎవరికీ ప్రత్యేక రాయితీ ఇవ్వలేదని ఐర్లాండ్ చెప్పింది. చట్టం ప్రకారమే కట్టామని యాపిల్ చెప్పింది. 2020 జులైలో కింది కోర్టులో వాళ్లే గెలిచారు. 2024 సెప్టెంబర్ 10న యూరప్ అత్యున్నత కోర్టు మాత్రం ఆ తీర్పును పక్కనపెట్టి కమిషన్ మాటే ఖాయం చేసింది. ఇక అప్పీలు లేదు. ఇష్టం ఉన్నా లేకున్నా డబ్బు తీసుకోవాల్సిందే.

మన దగ్గర: శాంతా బయోటెక్ కేసు

ఇదంతా తెల్లోళ్ల గొడవ అనుకుంటే పొరపాటే. సేమ్ ప్రశ్న హైదరాబాద్ హైకోర్టు ముందుకూ వచ్చింది.

నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన కె.ఐ. వరప్రసాద రెడ్డి 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. హెపటైటిస్-బి టీకా అప్పట్లో విదేశాల నుంచే రావాలి. సామాన్యులు కొనలేని రేటు. 1997లో శాంతా మన దేశంలోనే తయారుచేసిన శాన్‌వ్యాక్-బి తెచ్చింది. రేటు దిగుమతి టీకాలో చిన్న వంతు. ఆ తర్వాత మిగతా కంపెనీలూ రేట్లు దించక తప్పలేదు.

2006లో ఫ్రాన్స్‌కు చెందిన మేరియు అలయన్స్ శాంతాలోకి వచ్చింది. షేర్లు నేరుగా తన పేరున పెట్టుకోలేదు. ఫ్రాన్స్‌లోనే షాన్‌హెచ్ అనే కంపెనీ పెట్టి, శాంతా షేర్లను దాని పేరున ఉంచింది. రఫేల్ యుద్ధ విమానాలు చేసే దస్సో ఫ్యామిలీ గ్రూపు కూడా షాన్‌హెచ్‌లో వాటా తీసుకుంది. శాంతాలో సుమారు 80 శాతం షాన్‌హెచ్ చేతికి వచ్చింది.

2009లో ఫ్రాన్స్ మందుల దిగ్గజం సనోఫీ రంగంలోకి దిగింది. శాంతాకు సుమారు 55 కోట్ల యూరోల విలువ కట్టి కొనేసింది. ఇక్కడే ట్విస్ట్. సనోఫీ శాంతా షేర్లు కొనలేదు. షాన్‌హెచ్‌ను కొంది. అమ్మింది ఫ్రాన్స్ కంపెనీ, కొన్నది ఫ్రాన్స్ కంపెనీ, అమ్ముడుపోయిందీ కాగితం ప్రకారం ఫ్రాన్స్ కంపెనీనే. కానీ ల్యాబ్, ఫ్యాక్టరీ, సైంటిస్టులు, టీకా.. అన్నీ హైదరాబాద్‌లో.

మన ఆదాయపు పన్ను శాఖ వందల కోట్ల పన్ను కట్టమంది. విలువంతా ఇక్కడే పుట్టింది, షాన్‌హెచ్ శాంతా షేర్లు పట్టుకోవడం తప్ప ఇంకే పనీ చేయలేదు అన్నది శాఖ వాదన. 2011లో ఢిల్లీలోని అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ కూడా శాఖకే ఓటేసింది.

2013 ఫిబ్రవరి 15న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. షాన్‌హెచ్ ఉత్తుత్తి కంపెనీ కాదు, వ్యాపార అవసరం కోసమే పెట్టారు, భారత్-ఫ్రాన్స్ మధ్య ఉన్న పన్ను ఒప్పందం ప్రకారం ఈ అమ్మకం మీద పన్ను వేసే హక్కు ఫ్రాన్స్‌ది అని జస్టిస్ గోడా రఘురామ్, జస్టిస్ ఎం.ఎస్. రామచంద్రరావు బెంచ్ తీర్పు ఇచ్చింది.

ఇక్కడ ఒక విషయం క్లియర్‌గా చెప్పాలి. పన్ను ఎగ్గొట్టడం వేరు, పన్ను తప్పించుకోవడం వేరు. మొదటిది నేరం. రెండోది చట్టంలో ఉన్న సందుల్లోంచి నడవడం. శాంతా కేసులో ఫ్రాన్స్ కంపెనీలు నేరం చేశాయని ఎవరూ తేల్చలేదు. పైగా కోర్టులో గెలిచాయి. కంపెనీల మీద కోపం తెచ్చుకోవడం తేలిక. కానీ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టింది రెండు ప్రభుత్వాలు. సందు ఉందంటే అది వాళ్లు వదిలిన సందే.

శాంతా కంటే ముందే ఇలాంటిదే వొడాఫోన్ కేసు. 2007లో హచ్ ఫోన్ కంపెనీని బ్రిటన్‌కు చెందిన వొడాఫోన్ తన నెదర్లాండ్స్ కంపెనీ ద్వారా, కేమన్ దీవుల్లోని ఒక కంపెనీని కొనడం ద్వారా చేజిక్కించుకుంది. డీల్ సుమారు 1,100 కోట్ల డాలర్లు. ఫోన్లు, టవర్లు, కస్టమర్లు మన దేశంలో. 2012 జనవరిలో సుప్రీంకోర్టు పన్ను చెల్లదంది. అదే ఏడాది కేంద్రం చట్టాన్నే వెనక్కి వర్తించేలా మార్చింది. ఆట అయిపోయాక రూల్ మార్చడం ఏంటని పెట్టుబడిదారులు గగ్గోలు పెట్టారు. అందులో న్యాయం లేకపోలేదు. అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో 2020లో భారత్ ఓడిపోయింది. 2021 ఆగస్టులో ఆ వెనకటి పన్నును కేంద్రమే రద్దు చేసింది.

ఇందులో అనంతపురానికి ఏం పోయింది?

కార్పొరేట్ ట్యాక్స్ ఢిల్లీకి వెళ్తుంది, మనకేంటి అనిపించొచ్చు. కానీ ఆ డబ్బు తిరిగి ఇక్కడికే రావాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26కు పెట్టిన లెక్క ప్రకారం కేంద్రం పంచే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలది. అందులో ఏపీ వాటా 4.047 శాతం. అంటే పంచాల్సిన ఖాతాలోకి రావాల్సిన 100 కోట్ల కార్పొరేట్ ట్యాక్స్ రాకపోతే ఏపీకి కోటీ 66 లక్షలు తగ్గుతుంది. సెస్‌లు, సర్‌చార్జీలు ఈ లెక్కలోకి రావు. వాటిని కేంద్రమే ఉంచుకుంటుంది.

ఇంకో లెక్క. రేట్లు తగ్గించే పోటీ యూరప్‌లోనే ఆగలేదు. 2019 సెప్టెంబర్ 20న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ మన కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకైతే 15 శాతమే. దీని వల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం తగ్గుతుందని ఆ రోజు కేంద్రమే చెప్పింది. పై ఫార్ములాతో మోటుగా లెక్కేస్తే ఏపీ వాటా సుమారు 2,400 కోట్లు. పెట్టుబడులు పెరిగితే ఆ లోటు పూడుతుందన్నది ప్రభుత్వ వాదన. పక్క దేశాలు తగ్గిస్తుంటే మనం తగ్గించకపోతే కంపెనీలు రావన్నది ఇంకో వాదన. ఐర్లాండ్ 1956లో చెప్పిందీ ఇదే.

ప్రభుత్వ ఖజానా ఈ జిల్లాకు ఎంత ముఖ్యమో చెప్పడానికి బండ్లపల్లి చాలు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని దేశం మొత్తానికీ మొదలుపెట్టింది నార్పల మండలంలోని ఈ ఊళ్లోనే. అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ స్వయంగా వచ్చారు. వలసలు ఆపడానికే ఆ పథకం. ఆ చట్టం ప్రకారం కూలి డబ్బంతా కేంద్రమే పెట్టుకోవాల్సి ఉండేది. ఢిల్లీలో పైసలు బిగుసుకుంటే కూలి పేమెంట్ లేటయ్యేది. ఇక్కడివాళ్లకు అది లెక్కల పుస్తకం చూసి తెలియక్కర్లేదు.

కంపెనీలు కట్టని పన్నును ఎవరో ఒకరు కట్టాలి కదా? అది జీఎస్టీ రూపంలో కట్టేది అందరం. సబ్బు కొన్న ఉపాధి కూలీ కూడా. సబ్బు మీద పన్నును బెర్ముడాకు పంపించే సౌకర్యం ఆమెకు లేదు.

కియాపై ఇలాంటి ఆరోపణ ఏదో ఉందని దీని అర్థం కాదు. ఆ ఫ్యాక్టరీ వల్ల వేలమందికి ఇక్కడే పని దొరికింది. పోలిక ఎక్కడంటే, కంపెనీని తెచ్చుకోవడానికి రాష్ట్రాలు పడే పోటీలో. అనంతపురం ఇవ్వకపోతే తమిళనాడు ఇస్తుంది, తమిళనాడు ఇవ్వకపోతే గుజరాత్ ఇస్తుంది. ఐర్లాండ్, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ మధ్య నడిచిన ఆట ఇదే. ఒకరు దిగితే ఇంకొకరు ఇంకాస్త దిగుతారు.

మరి 15 శాతం రూల్ సంగతేంటి?

ఈ పోటీకి బ్రేక్ వేయడానికి 2021 అక్టోబర్‌లో భారత్ సహా 130కి పైగా దేశాలు ఒక ఒప్పందానికి వచ్చాయి. పెద్ద కంపెనీ ఎక్కడ లాభం చూపించినా కనీసం 15 శాతం పన్ను పడాలి. ఒక దేశం తక్కువ వేస్తే, మిగిలిన తేడాను ఇంకో దేశం వసూలు చేసుకోవచ్చు. అప్పుడు దీవిలో దాచి లాభమేంటి? యూరోపియన్ యూనియన్ దీన్ని 2024 నుంచి అమలు చేస్తోంది. 75 కోట్ల యూరోలకు పైగా టర్నోవర్ ఉన్న కంపెనీలకు ఐర్లాండ్‌లో కూడా 12.5 పోయి 15 వచ్చింది.

అయితే 2025 జనవరిలో అధికారంలోకి రాగానే ట్రంప్ ఈ ఒప్పందం అమెరికాలో చెల్లదన్నారు. అదే ఏడాది జూన్‌లో అమెరికా కంపెనీలకు ఇందులో మినహాయింపు ఇవ్వడానికి జీ-7 దేశాలు తలూపాయి. యాపిల్, గూగుల్ లాంటివి అమెరికా కంపెనీలే కాబట్టి, వల వేసింది ఎవరి కోసమో ఆ చేపలకే దారి దొరికినట్టయింది.

ఇప్పుడు ఐర్లాండ్ పరిస్థితి ఏంటి?

ఖజానా కళకళలాడుతోంది. 2023లో కార్పొరేట్ ట్యాక్స్ ద్వారా వచ్చింది 2,380 కోట్ల యూరోలు. జనాభా చూస్తే 53 లక్షలే. పాత దొడ్డిదారులు మూసేసరికి చాలా కంపెనీలు తమ బ్రాండ్లు, పేటెంట్లను దీవుల నుంచి ఐర్లాండ్‌కే మార్చుకోవడం ఇందుకు ఒక కారణం. 2015లో ఒక్క ఏడాదే ఆ దేశ జీడీపీ 26 శాతం పెరిగినట్టు లెక్క వచ్చింది. ఫ్యాక్టరీలు ఏమీ రాత్రికి రాత్రి లేవలేదు, కాగితాలు మారాయంతే. ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ దాన్ని జానపద కథల మరుగుజ్జుల మాయతో పోల్చి ఎగతాళి చేశారు.

భయమూ ఉంది. ఆ పన్నులో సగానికి పైగా కేవలం పది కంపెనీల నుంచే వస్తోంది. వాటిలో రెండు మూడు మూటాముల్లె సర్దుకుంటే బడ్జెట్‌కు పెద్ద చిల్లు.

ఇక వద్దు వద్దంటూ ఎనిమిదేళ్లు కోర్టులో పోరాడిన యాపిల్ డబ్బు వడ్డీతో కలిపి సుమారు 1,400 కోట్ల యూరోలయింది. దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో 2024 అక్టోబర్ బడ్జెట్‌లో ఐర్లాండ్ ప్రభుత్వం చెప్పింది. నాలుగు పనులు. ఇళ్లు, రవాణా, కరెంటు, నీళ్లు.